ఇంటి ముంగిటికి అంగడి: ఆన్‌లైన్ కొనుగోళ్లలో సరుకు, సొమ్ము, అప్పు

ఖరగ్‌పూర్ రైల్వే పట్టణంలోని ఝపటాపూర్‌లో తెలుగు కుటుంబాలు తరతరాలుగా నివసిస్తున్నవి. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలంలో వర్క్‌షాపు పనుల కొరకు ఉత్తరాంధ్ర నుండి తరలివచ్చిన వారి సంతతి వీరిలో అనేకులు. నగదు పరపతి ఖాతాల తనిఖీ నిమిత్తం ఈ వాడలోని దుకాణాలకు వెళ్లడం క్షేత్రాధికారిగా నా విధులలో ఒకటి. ఇటీవల ఒక కిరాణా దుకాణంలో సరుకు నిల్వ లెక్క చూస్తుండగా, యజమాని తన అరువు పుస్తకం తెరిచి చూపించారు. ఒకప్పుడు నెలకు నాలుగైదు పుటలు నిండే ఆ పుస్తకంలో ఆ నెల ఒక పుట మాత్రమే నిండినది.

“బాకీలు తగ్గాయని సంతోషించమంటారా, బేరాలు తగ్గాయని బాధపడమంటారా బాబూ?” అని ఆయన అడిగారు.

అదే సమయంలో ఎదురు వీధిలో ఒక యువకుడు సంచి దింపి, మూడు ఇళ్లలో మూడు పార్శిళ్లు అందించి వెళ్లాడు. వాటిలో రెండింటి వెల వాయిదాలలో చెల్లించవలసినదేనని తరువాత తెలిసినది. అనగా బాకీలు తగ్గలేదు. అవి వ్రాయబడే పుస్తకం మారినది. ఈ మార్పు ఎట్లు జరుగుతున్నదో, దాని వలన ఋణగ్రహీతలకు, వ్యాపారులకు కలిగే లాభనష్టములు ఏమిటో వివరించుటయే ఈ వ్యాసం ఉద్దేశం.

పాత పద్ధతికి కొత్త రూపం

కంటితో చూడని సరుకును దూరం నుండి తెప్పించుకొనుట మనకు కొత్త కాదు. తపాలా శాఖ వి.పి.పి. పద్ధతి మన దేశంలో 1877లోనే ప్రారంభమైనది. పత్రికలో ప్రకటన చూచి కార్డు వ్రాస్తే పుస్తకమో, మందో ఇంటికి వచ్చేది; పోస్టుమాన్‌కు సొమ్ము చెల్లించి కట్ట విప్పుకొనేవారు. నేటి “సరుకు అందిన పిదప చెల్లింపు” పద్ధతికి అదియే పూర్వరూపం.

రైల్వే కుటుంబాలకు ఆన్‌లైన్ కొనుగోలుతో తొలి పరిచయం రైలు టిక్కెట్టు ద్వారా కలిగినదని చెప్పవచ్చును. ఐ.ఆర్.సి.టి.సి. 2002 ఆగస్టులో ఇంటర్నెట్‌లో టిక్కెట్ల అమ్మకం ప్రారంభించినది. అప్పట్లో సొమ్ము ఆన్‌లైన్‌లో చెల్లిస్తే ముద్రించిన టిక్కెట్టును కొరియరు ద్వారా ఇంటికి పంపేవారు. 2007లో ఫ్లిప్‌కార్ట్ పుస్తకాల అమ్మకంతో మొదలైనది. 2010లో సరుకు అందిన పిదప చెల్లించే సౌకర్యం కల్పించినది. 2013లో అమెజాన్ మన దేశంలో అంగడి తెరిచినది. 2016లో యు.పి.ఐ. వచ్చిన తరువాత కార్డు లేనివారు సైతం సెల్‌ఫోను ద్వారా చెల్లించగలుగుతున్నారు. 2020లో ఈ రెండు సంస్థలూ తమ యాప్‌లలో తెలుగును చేర్చినవి. గోల్‌బజారులో బెంగాలీ, హిందీలలో బేరమాడవలసిన తెలుగు గృహిణి తన ఫోనులో సరుకు పేరు తెలుగులో చదువుకొనుచున్నది. ప్రవాసాంధ్రులకు ఇది చిన్న విషయం కాదు.

ప్లాట్‌ఫారం అనగానేమి?

ఆన్‌లైన్ అంగళ్లను “ప్లాట్‌ఫారం” అని పిలుస్తారు. ఈ మాట ఖరగ్‌పూర్ వాసులకు సులభంగా బోధపడును. 1072.5 మీటర్ల పొడవు గల ఇక్కడి ప్లాట్‌ఫారం చాలా కాలం ప్రపంచంలో అతి పొడవైనదిగా పేరొందినది. 2013లో గోరఖ్‌పూర్, 2023లో హుబ్బళ్లి దానిని మించినవి. ప్లాట్‌ఫారం మీదికి ఎన్నో బండ్లు వచ్చును, ఎందరో దిగుదురు; కాని అక్కడ దిగిన ప్రతి మూటా స్టేషను వారిది కాదు. ఆన్‌లైన్ అంగడి కూడా అట్టిదే. అందులో వేలాది విక్రేతలు తమ సరుకును ప్రదర్శిస్తారు. ఒకే యాప్‌లో ఒకే వస్తువును పలువురు పలు వెలలకు అమ్మవచ్చును. విదేశీ పెట్టుబడి గల ప్లాట్‌ఫారములు తామే సరుకు నిల్వ చేసి నేరుగా వినియోగదారునికి అమ్ముటకు మన దేశ నిబంధనలు అనుమతించవు. అవి విక్రేతకు, కొనుగోలుదారుకు మధ్య వేదికగా ఉండవలెను.

కావున కొనే ముందు వస్తువు బొమ్మను చూచి ఊరుకొనక, “విక్రేత” అన్న చోట ఎవరి పేరు ఉన్నదో చూడవలెను. బిల్లు ఇచ్చేది ఆ విక్రేతయే. ప్రతి కొనుగోలులోను మూడు ప్రశ్నలు వేసికొనుట మంచిది: ఇప్పుడు సరుకు ఎవరి వద్ద ఉన్నది? సొమ్ము ఎవరి వద్ద ఉన్నది? తేడా వస్తే బాధ్యత ఎవరిది?

ఆర్డరు నుండి ఇంటి వరకు

ఒక ఉదాహరణ తీసికొందాము. ఝపటాపూర్‌లోని ఒక గృహిణి పలాస జీడిపప్పు ఒక కిలో కావలెనని ఆర్డరు చేసినది. పూర్వం ఇది ఊరి నుండి వచ్చే బంధువుల సంచిలో రైలు మీద వచ్చేది. ఇప్పుడు జరిగే క్రమం ఇది.

1. ఆమె పిన్‌కోడు నమోదు చేయును. 1972 ఆగస్టు 15న తపాలా శాఖ ప్రవేశపెట్టిన ఈ ఆరంకెల సంఖ్యయే నేటి ఆన్‌లైన్ వ్యాపారానికీ వెన్నెముక. శ్రీకాకుళం జిల్లా చిరునామాలు 532తో, ఖరగ్‌పూర్ చిరునామాలు 721తో మొదలగును. ఈ రెండు సంఖ్యలను బట్టియే సరుకు రాగలదా, ఎన్ని రోజులు పట్టును, రవాణా ఖర్చు ఎంత అన్నది యంత్రం లెక్కించును.

2. ఆర్డరు విక్రేతకు చేరును. అతడు సరుకును కట్టి, బార్‌కోడు చీటీ అతికించును. కొందరు విక్రేతలు ముందుగానే తమ సరుకును ప్లాట్‌ఫారం గిడ్డంగులలో ఉంచెదరు. అట్టి సరుకు త్వరగా చేరును.

3. కట్ట విభజన కేంద్రాల గుండా ప్రయాణించును. ప్రతి చోట బార్‌కోడును యంత్రం చదువును. పార్శిలు ఎక్కడున్నదో ఫోనులో కనబడుట అందువల్లనే.

4. చివరి కేంద్రం నుండి డెలివరీ యువకుడు ఇంటికి తెచ్చును. ఇక్కడ ఒ.టి.పి. అడిగినచో, పార్శిలు చేతికి వచ్చిన పిదపనే చెప్పవలెను. ఆ సంఖ్య చెప్పుట అనగా సరుకు ముట్టినదని సంతకం చేయుటతో సమానం.

సొమ్ము నడిచే దారి

సరుకు దారి కంటికి కనబడును. సొమ్ము దారి కనబడదు. కావున దీనిని మరింత శ్రద్ధగా తెలిసికొనవలెను. ముందుగా చెల్లించినప్పుడు మన ఖాతా నుండి వెడలిన సొమ్ము నేరుగా విక్రేతకు చేరదు. చెల్లింపులను సేకరించే సంస్థ దానిని రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం ఒక బ్యాంకులోని ఎస్క్రో ఖాతాలో ఉంచును. ప్లాట్‌ఫారం తన కమీషను, రవాణా ఖర్చు, పన్ను మినహాయించిన పిదప మిగిలినది విక్రేతకు జమ అగును. సరుకు తిరిగి పంపితే సొమ్ము, చెల్లించిన దారినే వెనుకకు వచ్చును.

ఒక్కొక్కప్పుడు ఖాతాలో సొమ్ము తగ్గును, కాని ఆర్డరు నమోదు కాదు. దీనికి భయపడి మరల మరల చెల్లించరాదు. 2019లో రిజర్వు బ్యాంకు నిర్ణయించిన గడువుల ప్రకారం, వ్యాపారికి చేయబడిన యు.పి.ఐ. చెల్లింపు ఇట్లు మధ్యలో ఆగినచో లావాదేవీ తేదీ తరువాత 5 రోజులలోగా దానంతటదే తిరిగి జమ కావలెను. ఆలస్యమైనచో రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వవలెను.

ఇక మోసముల సంగతి. మా శాఖ ఖాతాదారు అయిన ఒక విశ్రాంత రైల్వే కార్మికుడు ఆన్‌లైన్‌లో కుక్కరు కొన్నారు. మూత సరిపోలేదు. తిరిగి ఇచ్చుటకు యాప్‌లోని ఫిర్యాదు విభాగం చూడక, ఇంటర్నెట్‌లో వెదకి దొరికిన ఒక ఫోను నంబరుకు పిలిచారు. ఆ మాట్లాడిన వ్యక్తి ఎంతో మర్యాదగా, “మీ సొమ్ము వెనుకకు పంపుతున్నాము, పిన్ నొక్కండి” అన్నాడు. పిన్ నొక్కగానే పింఛను సొమ్ములో పెద్ద భాగం పోయినది. ఆయన సిగ్గుపడి, కుమారునికి సైతం చెప్పక, నాలుగు రోజుల తరువాత శాఖకు వచ్చారు. అప్పటికి ఆ సొమ్ము ఎన్నో ఖాతాలు దాటిపోయినది. జీవితమంతా మిల్లీమీటరు తేడా లేకుండా కొలతలు వేసిన మనిషి ఆయన. ఇది తెలివితక్కువతనం కాదు, పద్ధతి తెలియకపోవుట.

ఆ పద్ధతి ఇది: సొమ్ము పొందుటకు పిన్ అక్కరలేదు. పిన్ నొక్కితే సొమ్ము పోవును గాని రాదు. మోసం జరిగినట్లు తెలిసిన నిమిషంలోనే 1930 నంబరుకు ఫోను చేసి, తమ బ్యాంకుకు తెలుపవలెను. మన తప్పు గాని, బ్యాంకు తప్పు గాని లేకుండా ఖాతా నుండి సొమ్ము పోయినప్పుడు, మూడు పని దినములలోపు తెలిపిన ఖాతాదారునికి బాధ్యత ఉండదని 2017 జూలై నాటి రిజర్వు బ్యాంకు ఉత్తర్వు పేర్కొన్నది. కాని పిన్, ఒ.టి.పి. తామే ఇతరులకు చెప్పినచో, బ్యాంకుకు తెలియజేసే వరకు కలిగిన నష్టం ఖాతాదారునిదే అగును. సిగ్గుతో గడిపిన ప్రతి గంటా మోసగానికి లాభం.

వాయిదాల లెక్క

కిరాణా దుకాణంలో అరువు జీతం రోజు వరకు ఉండేది. ఆ బాకీ సంగతి దుకాణదారునికి, ఇంటివారికి మాత్రమే తెలిసేది. ఆలస్యమైతే ఒక మాట అనేవారు; ఇంటిలో చావో, పెళ్లో ఉంటే ఆ మాటా అనేవారు కాదు. ఆన్‌లైన్ వాయిదా అట్లు కాదు. అది ఒక బ్యాంకు లేక ఆర్థిక సంస్థ ఇచ్చే ఋణం. పరపతి సమాచార సంస్థల రికార్డులలో నమోదగును.

“వడ్డీ లేని వాయిదా” అనే ప్రకటనను కూడా లెక్క వేసి చూడవలెను. ఉదాహరణకు ఒక ఫోను వెల 12,000 రూపాయలు. ఒకేసారి చెల్లిస్తే 600 తగ్గింపు లభించి 11,400కు వచ్చును. వాయిదాలలోనైతే నెలకు 2,000 చొప్పున 6 నెలలు, పైగా ప్రారంభంలో 199 రూపాయల రుసుము. అనగా అదనంగా చెల్లించునది 799 రూపాయలు. నెలనెలా తగ్గే అసలు మీద లెక్కిస్తే ఇది సంవత్సరానికి సుమారు 24 శాతం వడ్డీతో సమానం. సున్నా శాతం వడ్డీ అనేది నిజానికి లేదని రిజర్వు బ్యాంకు 2013లోనే స్పష్టం చేసినది. డిజిటల్ ఋణం తీసికొనే ముందు సంవత్సర వ్యయ శాతం తెలిపే ముఖ్య వివరాల పత్రం ఇవ్వవలెనని 2022 నుండి నిబంధన ఉన్నది. దానిని అడిగి చదువవలెను.

ఈ విషయంలో నా తప్పునే చెప్పెదను. కొన్నేళ్ల క్రితం నేను ఒక ఫోనును వాయిదాలపై కొన్నాను. వాయిదాలను నేను అంతగా వాడని ఖాతాకు ముడిపెట్టుట వలన, చివరి వాయిదా నాటికి నిల్వ చాలక అది చెల్లలేదు. తరువాత గృహ ఋణానికి దరఖాస్తు చేసినప్పుడు ఆ చిన్న బాకీ నా నివేదికలో కనబడినది. దినమూ ఇతరుల నివేదికలు పరిశీలించే నేను, నా నివేదికను ఒక్కసారియైనా చూచుకొనలేదు. ప్రతి వ్యక్తికి సంవత్సరానికి ఒకమారు ప్రతి పరపతి సమాచార సంస్థ నుండి పూర్తి నివేదిక ఉచితంగా లభించును. పాఠకులు దీనిని తప్పక ఉపయోగించుకొనగలరు.

నిత్య జీవితంలో మార్పులు

దసరాకు ముందు రైల్వే సిబ్బందికి ఉత్పాదకతతో ముడిపడిన బోనసు లభించును. 2025లో కూడా అర్హులైన వారికి 78 రోజుల వేతనం, గరిష్ఠంగా 17,951 రూపాయలు మంజూరైనది. ఖరగ్‌పూర్‌లో దసరా అనగా దుర్గాపూజ కూడా. పూర్వం బోనసు వచ్చిన సాయంత్రమే కుటుంబమంతా గోల్‌బజారు దారి పట్టేది. ఆన్‌లైన్ సంస్థల పండుగ అమ్మకాలు కూడా సరిగా ఆ వారాలలోనే వచ్చుటచే, బోనసులో కొంత భాగం ఫోనులోనే ఖర్చగుచున్నది.

దీని వలన మేలు లేకపోలేదు. నడవలేని వృద్ధులకు మందులు ఇంటికే చేరుచున్నవి. పదిచోట్ల వెలలు పోల్చి చూచుట సాధ్యమైనది. పొందూరు ఖద్దరు గాని, ఆంధ్ర పచ్చళ్లు గాని పండుగకు ఊరు వెళ్లే వరకు ఆగవలసిన పని లేదు. డెలివరీ పని కొందరు యువకులకు జీవనోపాధి అయినది. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన సామాజిక భద్రతా స్మృతిలో ఇట్టి కార్మికులకు చట్టబద్ధమైన గుర్తింపు లభించినది. అయితే వారి రాబడి నెల నెలకు మారును; ద్విచక్ర వాహన ఋణం తీసికొనే యువకుడు మంచి నెలను కాక మందమైన నెలను లెక్కలోనికి తీసికొని వాయిదా నిర్ణయించుకొనవలెను.

అన్నింటికంటె పెద్ద మార్పు, ఖర్చు చేయుచున్నామన్న స్పృహ తగ్గుట. చేతి నుండి నోటు వెడలునప్పుడు కలిగే సంకోచం వేలి స్పర్శలో కలుగదు. నెలకొకసారి పాస్‌బుక్కు నింపించుకొని, ఆన్‌లైన్ ఖర్చులను విడిగా ఒక కాగితం మీద కూడుకొన్న కుటుంబాలు తామే ఆశ్చర్యపడుట నేను చూచితిని.

వ్యాపారులకు సూచనలు

“మేమూ ఆన్‌లైన్‌లో అమ్మవచ్చునా?” అని పలువురు దుకాణదారులు అడుగుచున్నారు. అమ్మవచ్చును. 2023 అక్టోబరు 1 నుండి, జి.ఎస్.టి. నమోదు అవసరం లేని చిన్న వ్యాపారులు కూడా తమ రాష్ట్రం లోపల ఆన్‌లైన్ ప్లాట్‌ఫారముల ద్వారా సరుకు అమ్ముటకు కొన్ని నియమాలతో వీలు కల్పించబడినది. కాని ముందు లెక్క చూచుకొనవలెను. పన్నులను ప్రక్కన ఉంచి, ఊహాత్మకమైన ఒక లెక్క ఇచ్చుచున్నాను.

అమ్మకపు వెల 500 రూపాయలు. కమీషను 60, రవాణా 65, ప్యాకింగు 15 పోగా చేతికి వచ్చేది 360. సరుకు అసలు ఖరీదు 340 అయితే మిగులు 20. పదింటిలో ఒకటి తిరిగి వచ్చినదనుకొందాము. తొమ్మిదింటిపై మిగులు 180. తిరిగి వచ్చినదానిపై రానుపోను రవాణా 130, ప్యాకింగు 15, వెరసి 145 నష్టం. చివరకు మిగిలేది 35 రూపాయలు. రెండు తిరిగి వచ్చినచో ఎనిమిదింటిపై 160 మిగులు, 290 నష్టం. అనగా 130 రూపాయలు చేతి నుండి పెట్టుకొనవలెను. ఆన్‌లైన్ వ్యాపారంలో లాభాన్ని నిర్ణయించేది అమ్మకాల సంఖ్య కంటె తిరిగి వచ్చే సరుకు సంఖ్య. కావున విరిగేవి, కొలత సరిపోనివి కాక, తిరిగి రావడానికి తక్కువ అవకాశం గల సరుకుతో మొదలుపెట్టుట క్షేమం.

ఆన్‌లైన్‌లో అమ్మకపోయినను, దుకాణదారు చేయగలిగినది చాలా ఉన్నది. పావుకిలో చింతపండు కొరకు ఎవరూ రెండు రోజులు ఆగరు. ఫోనులో చీటీ తీసికొని గంటలో ఇంటికి పంపగల బలం వీధి దుకాణానికి ఉన్నది. సంవత్సరాల తరబడి కదలని సరుకును తగ్గించి, త్వరగా తిరిగే సరుకును పెంచవలెను. క్యూ.ఆర్. ద్వారా వచ్చే సొమ్ము వేరే ఖాతాలోనికి కాక నగదు పరపతి ఖాతాకే జమ అగునట్లు చూచుకొనవలెను. దీనికి కారణం కలదు. 1992 నాటి నాయక్ కమిటీ సిఫారసుననుసరించి చిన్న యూనిట్లకు అంచనా వార్షిక అమ్మకాలలో 20 శాతం మేరకు బ్యాంకు నిర్వహణ మూలధనం ఇచ్చును. 12 లక్షల అమ్మకాలకు నిర్వహణ మూలధనం 25 శాతం చొప్పున 3 లక్షలు. అందులో వ్యాపారి వాటా 60 వేలు, బ్యాంకు ఋణం 2 లక్షల 40 వేలు. అమ్మకాలు ఖాతాలో కనబడినచో పరిమితిని నిలుపుటకు, పెంచుటకు ఆధారం దొరుకును; కనబడనిచో ఉన్న పరిమితియే తగ్గవచ్చును.

రైతులకు ఒక మాట

2022 నవంబరు నుండి లైసెన్సు గల విక్రేతలు పురుగుమందులను ఆన్‌లైన్‌లో అమ్ముటకు వీలు కలిగినది. వెల తక్కువని తొందరపడక విక్రేత లైసెన్సు, బ్యాచి సంఖ్య, గడువు తేదీ సరిచూచి, బిల్లు భద్రపరచవలెను. పంట నష్టపోయినప్పుడు మాట కాదు, బిల్లే సాక్ష్యం. కిసాన్ క్రెడిట్ కార్డు పరిమితిలో గృహావసరాలు, పంట అనంతర ఖర్చుల కొరకు సాగు వ్యయంపై 10 శాతం చేర్చబడి ఉండును. దానిని మించి పంట సొమ్ముతో టి.వి., ఫోను కొనినచో ఎరువు వేసే వేళకు మరల వడ్డీ వ్యాపారి గడప తొక్కవలసి వచ్చును.

కొనుగోలుదారుల హక్కులు

2020 జూలైలో అమలులోకి వచ్చిన ఇ-కామర్స్ నిబంధనల ప్రకారం ప్రతి ప్లాట్‌ఫారం ఫిర్యాదుల అధికారిని నియమించవలెను. ఆ అధికారి 48 గంటలలోగా ఫిర్యాదు అందినట్లు తెలిపి, ఒక నెలలోగా పరిష్కరించవలెను. లోపమున్న సరుకును, చూపినదానికి భిన్నమైన సరుకును వెనుకకు తీసికొనుటకు విక్రేత నిరాకరించరాదు. అప్పటికీ న్యాయం జరగనిచో జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం 1915కు తెలుపవచ్చును. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం కొనుగోలుదారు తాను నివసించే జిల్లాలోని కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చును. విక్రేత బెంగుళూరులో ఉన్నను అక్కడికి పోనవసరం లేదు. విలువైన పార్శిలు విప్పునప్పుడు ఫోనులో వీడియో తీసి ఉంచుట మేలు.

ముగింపు

ఆ కిరాణా యజమాని ప్రశ్నకు నేను ఆనాడు వెంటనే బదులు చెప్పలేకపోయాను. తరువాత ఇద్దరం కూర్చుని, ఆయన అరువు పుస్తకంలో ఇంకను పేరు గల కుటుంబాలను లెక్కించాము. వారు నెల సరుకులో కొంత ఫోనులో కొంటున్నను బియ్యం, పప్పు, నూనె ఆయన వద్దనే కొంటున్నారు. ఆయన ఆ సరుకు పెంచి, రెండేళ్లుగా కదలని ప్లాస్టిక్ సామాను తగ్గింపు వెలకు అమ్మివేయ నిశ్చయించారు. తరువాతి తనిఖీలో సరుకు విలువ తగ్గినను అమ్మకాల జమలు తగ్గలేదు. బ్యాంకు దృష్టిలో అది మంచి లక్షణం.

సరుకు ఎవరి వద్ద, సొమ్ము ఎవరి వద్ద, బాధ్యత ఎవరిది — ఈ మూడు ప్రశ్నలకు జవాబు తెలిసినవారికి వీధి అంగడియైనను, ఫోనులోని అంగడియైనను ఒకటే. తెలియని వాయిదా పత్రం గాని, అనుమానాస్పదమైన ఫోను పిలుపు గాని వచ్చినప్పుడు, సంతకానికి ముందు, పిన్ నొక్కుటకు ముందు మీ బ్యాంకు శాఖకు వచ్చి అడుగగలరు. ముందుగా అడిగినచో ఐదు నిమిషాలలో తేలే విషయం, తరువాత ఐదేళ్లకు తేలకపోవచ్చును.